తాళాలు ఆమెవి, కోట ఎవరిది?

(తెనాలిలో మహిళా కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఆస్తిహక్కు మీద మాట్లాడమంటే కోటల మీద, అందులోనూ సినిమా కోటల మీద మాట్లాడతానన్నాను. కోర్టు వాయిదాలు, సర్వే నంబర్లు, రిజిస్ట్రారు ఆఫీసుల మధ్య తిరిగే మీకు మాహిష్మతీ సామ్రాజ్యంతో పనేమిటని కొందరికి అనిపించి ఉంటుంది. పని ఉందనే నా అభిప్రాయం. చట్టం ఏం చెబుతోందో వివరించే కరపత్రాలు మన దగ్గర చాలినన్ని ఉన్నాయి. అవి చదివిన ఆడపిల్ల కూడా అన్నదమ్ముల ఎదుట కూర్చుని హక్కు వదులుకుంటూ సంతకం ఎందుకు పెట్టేస్తుందో ఆ కరపత్రాలు చెప్పవు. పుట్టింటి ఆస్తి అనగానే అది అన్నదమ్ములదేనన్న భావన ఆమెకు చట్టం పుస్తకంలోంచి రాలేదు. పెంపకంలోంచి వచ్చింది, ఇరుగుపొరుగు మాటల్లోంచి వచ్చింది, చిన్నప్పటినుంచీ విన్న కథల్లోంచి కూడా వచ్చింది. ఆ కథల్లో బాగా బలమైనది కోట కథ.

కథలను నిలదీయడం ఈ ఊరికి కొత్త కాదు. పురాణాలను ప్రశ్నిస్తూ 'సూతపురాణం', 'శంబుకవధ' రాసిన త్రిపురనేని రామస్వామి చౌదరి ఇక్కడే ఉన్నారు. అదే తెనాలి ప్రాంతం తెలుగువాళ్లకు కోట కథలు కూడా పెట్టింది. 1947 జూలైలో బి. నాగిరెడ్డితో కలిసి 'చందమామ' మొదలుపెట్టిన చక్రపాణి తెనాలి వారు. 1952 నుంచి 1980లో చనిపోయేదాకా ఆ పత్రికను తీర్చిదిద్దిన కొడవటిగంటి కుటుంబరావు 1909లో తెనాలిలోనే పుట్టారు. 1954లో 'తోకచుక్క'తో మొదలుపెట్టి ఏళ్ల తరబడి జానపద సీరియల్స్ రాసిన దాసరి సుబ్రహ్మణ్యం రేపల్లె ప్రాంతం నుంచి వెళ్లినవారు. ఆయన సీరియల్స్ పేర్లు గుర్తుచేసుకోండి: 'కంచుకోట', 'పాతాళదుర్గం', 'శిథిలాలయం'. కథ పేరే ఒక కట్టడం. చిత్ర గారు వేసిన ఆ బురుజులు, సొరంగాలు, ఇనప తలుపులు కొన్ని తరాల పిల్లలకు కలలోకి వచ్చాయి. చందమామ ఇప్పుడు లేదు గానీ ఆ కోట మాత్రం పడిపోలేదు. 2015లో 'బాహుబలి' మొదటి భాగం, 2017లో రెండో భాగం వచ్చినప్పుడు రామోజీ ఫిల్మ్ సిటీలో సెట్టు వేసి మళ్లీ నిలబెట్టారు. పిల్లలతోపాటు పెద్దలూ వెళ్లి చూశారు. మనమూ చూశాం, ఆనందించాం. ఆనందించినంత మాత్రాన ప్రశ్న అడగకూడదని లేదు కదా.

ప్రశ్న ఇది: కోట ఎవరిది?

ముందు 'పాతాళభైరవి' చూద్దాం. 1951 మార్చిలో విజయావారి పతాకాన వచ్చింది. చక్రపాణి, నాగిరెడ్డి నిర్మాతలు, కె.వి. రెడ్డి దర్శకుడు. తోటరాముడు తోటమాలి కొడుకు. రాజకుమారి ఇందుమతిని ప్రేమిస్తాడు. తనతో సమానమైన సంపదతో వస్తేనే కూతురిని ఇస్తానని రాజు షరతు పెడతాడు. పేదవాడు రాజును ఎదిరించాడని మనకు చాలా సంతోషం. ఆ సంతోషం న్యాయమైనదే. కానీ బేరం ఎవరెవరి మధ్య జరుగుతోందో గమనించండి. తండ్రికీ, కాబోయే అల్లుడికీ మధ్య. తోటరాముడు పాతాళభైరవి బొమ్మను సాధించి మేడ కట్టిస్తాడు. తర్వాత ఆ బొమ్మ మాంత్రికుడి చేతిలో పడితే సంపదతోపాటు ఇందుమతి కూడా వాడి వశమవుతుంది. బొమ్మ ఎవరి చేతిలో ఉంటే మేడ వాడిది, మేడ ఎవడిదైతే అమ్మాయి వాడిది. రాజు ఏకైక కూతురు ఆ రాజ్యానికి వారసురాలు కావచ్చునన్న ఊహే కథలో ఎవరికీ రాదు.

కోట కథలో ఆడదానికి ఉన్న మొదటి స్థానం ఇది: ఆమె కోటతోపాటు చేతులు మారే వస్తువు.

రెండో స్థానం కాపలాదారుది. ఇది మరింత గౌరవప్రదంగా కనిపిస్తుంది కనుక మరింత జాగ్రత్తగా చూడాలి. మాహిష్మతిలో శివగామి ఉంది. రాజు చనిపోయాడు, రాణి బిడ్డను కని చనిపోయింది. శివగామి ఒక చంకన తన కొడుకునూ, ఒక చంకన ఆ బిడ్డనూ ఎత్తుకుని పరిపాలన చేతిలోకి తీసుకుంది. తిరుగుబాటును అణిచింది. ఏళ్ల తరబడి రాజ్యం నడిపింది. ఆమె నోట మాట వస్తే ఎదురు లేదు. హాల్లో ఆడవాళ్లు ఆమెను చూసి ఎందుకు పొంగిపోయారో నాకు తెలుసు. మన సినిమాల్లో ఆడమనిషి ఆజ్ఞాపించడం, మగాళ్లు తలవంచడం ఎన్నిసార్లు చూశాం గనుక?

అయినా లెక్క చూసుకోవాలి. అంత సమర్థురాలు తన పేరుమీద పట్టాభిషేకం చేసుకోవాలని ఒక్క క్షణం కూడా అనుకోదు, కథలో మరెవరూ అనరు. ఆమె అధికారమంతా ఇద్దరు మగపిల్లల్లో ఎవరిని రాజు చెయ్యాలో నిర్ణయించడం వరకే. సింహాసనం ఖాళీగా ఉన్నంత కాలం దాన్ని తుడిచి, కాపాడి, పెరిగి పెద్దవాడైన మగవాడికి అప్పజెప్పాలి. రెండో భాగంలో ఆమె కోటమీదినుంచి ఒక పసికందును పైకెత్తి ఇతనే మీ రాజు అని ప్రకటిస్తుంది. ఆ సమయంలో ఆ కోటలో ఇద్దరు స్త్రీలు ప్రాణాలతో ఉన్నారు. ఒకరు రాజ్యం నడిపిన శివగామి. రెండోవారు కత్తి పట్టిన, సభలో నిలబడి అన్యాయాన్ని ప్రశ్నించిన దేవసేన. అయినా రాజ్యం ఇంకా కళ్లు సరిగా తెరవని మగపిల్లాడిది. పుట్టింది ఆడపిల్లయితే? ఆ ప్రశ్నకు కథలో చోటు లేదు. మొదటి భాగం ప్రారంభ దృశ్యం మీకు గుర్తుండే ఉంటుంది. ఏటిలో శివగామి మునిగిపోతోంది, వారసుణ్ణి ఎత్తిపట్టిన చెయ్యి మాత్రం నీళ్లపైన ఉంది. వంశం నీటిపైన, ఆమె నీటికింద. పితృస్వామ్యం ఆడదాని త్యాగాన్ని ఎలా మెచ్చుకుంటుందో చెప్పడానికి వేరే బొమ్మ అక్కర్లేదు.

మూడో స్థానం బందీది. దేవసేన కుంతల రాజ్యపు రాజకుమారి. తనను అడగకుండా నిర్ణయించిన పెళ్లి సంబంధాన్ని తిరస్కరించింది. ఆడవాళ్లమీద చెయ్యి వేసిన సేనాపతి వేళ్లు నరికింది. ఫలితం, పాతికేళ్లు కోట నడిబొడ్డున గొలుసులతో బతకడం. ఆమె ఉన్నది కోటలోనే. అత్తింటి కోటలోనే. కోటలో ఉండటం, కోటలో హక్కు ఉండటం వేర్వేరని ఆమె బతుకే చెబుతుంది. చివరికి విడుదలవుతుంది. అదీ కొడుకు వచ్చాకే. ఆమెను విడిపించడానికి ఆయుధం పట్టిన అవంతిక అనే అమ్మాయి ఉంది గానీ, ఆమె పనిని కథానాయకుడు తన భుజాన వేసుకుంటాడు.

బహుమతి, కాపలాదారు, బందీ. ఈ మూడింటిలో ఏదీ హక్కుదారు స్థానం కాదు.

కథలన్నాక అలాగే ఉంటాయి, ఆనాటి చరిత్రే అలాంటిది అనే జవాబు మనకు తరచూ వినిపిస్తుంది. చరిత్ర ఏమంటోందో చూద్దాం. మాహిష్మతి కేవలం కల్పన కాదు. నర్మద ఒడ్డున ఆ పేరుతో ప్రాచీన నగరం ఉండేది. మధ్యప్రదేశ్‌లోని మహేశ్వరే అదని చాలామంది చరిత్రకారులు గుర్తించారు. ఆ మహేశ్వర్ కోటనుంచి 1767 మొదలు 1795లో చనిపోయేదాకా పాలించినది ఎవరు? అహల్యాబాయి హోల్కర్. భర్త 1754లో యుద్ధంలో పోయాడు. 1766లో మామగారు పోయారు. 1767లో కొడుకు కూడా పోయాడు. ఆ తర్వాత ఇరవై ఎనిమిదేళ్లు ఆమే రాజ్యం నడిపింది. అసలు మాహిష్మతి అనుకునే చోట ఒక స్త్రీ పాలిస్తే, మనం ఇరవయ్యొకటో శతాబ్దంలో ఊహించుకున్న మాహిష్మతిలో స్త్రీకి సంరక్షకురాలి స్థానం దాటి ముందుకు పోయే వీలు లేకపోయింది. కల్పనకు హద్దులుండవంటారు. ఇక్కడ కల్పన చరిత్ర కంటే ఇరుకుగా ఉంది.

మన ప్రాంతానికి వద్దాం. కాకతీయ గణపతిదేవుడికి కొడుకులు లేరు. కూతురు రుద్రమదేవి 1262 ప్రాంతంలో పాలన చేపట్టింది. అంతకు కొద్దిగా ముందే, 1261 నాటి మల్కాపురం శాసనంలో తండ్రితోపాటు ఆమె దానం కూడా కనిపిస్తుంది. ఆ శాసనం గుంటూరు జిల్లాలోనే ఉంది. అందులో ప్రసూతిశాల ప్రస్తావన ఉండటం కూడా గమనించదగిన విషయం. అయితే కూతురు రాజ్యానికి రావడం ఆ కాలానికి ఎంత మింగుడుపడలేదో చూడండి. ఆమెను రుద్రదేవ మహారాజు అని మగ పేరుతో వ్యవహరించారు. ఇప్పటి బాపట్ల జిల్లాలో ఉన్న మోటుపల్లి రేవు గురించి రాసిన మార్కోపోలో ఈ రాజ్యాన్ని ఏలుతున్న రాణిని మెచ్చుకున్నాడు. కానీ ఆమెను చనిపోయిన రాజుగారి భార్యగా రాశాడు. నిజానికి ఆమె ఆ రాజు కూతురు. రాణి అంటే భర్త పోయిన రాణే అయి ఉండాలి, తండ్రినుంచి కూతురికి రాజ్యం వస్తుందా అన్న అనుమానం ఆ యాత్రికుడి కలాన్ని పక్కకు లాగింది. ఏడువందల ఏళ్లు దాటినా ఆ కలం ఇంకా రాస్తూనే ఉంది.

రుద్రమదేవి, అహల్యాబాయి ఉన్నారు కాబట్టి అప్పట్లో స్త్రీలకు హక్కులుండేవని నేను అనడం లేదు. మగవారసుడు లేనప్పుడు దొరికిన అవకాశాలవి. నేననేది ఒక్కటే. స్త్రీ చేతకాక కోటకు దూరం కాలేదు. వారసత్వపు నియమం ఆమెను దూరంగా పెట్టింది. ఆ నియమం కోటలకే పరిమితం కాలేదు, రెండు గదుల పెంకుటింటికీ వర్తించింది.

ఆ నియమం చట్టంలో ఎలా మారుతూ వచ్చిందో చెప్పుకుందాం. 1937 చట్టం హిందూ వితంతువుకు భర్త ఆస్తిలో భాగం ఇచ్చింది గానీ అది బతికున్నంత కాలం అనుభవించడానికే. శివగామి అధికారం లాంటిదన్నమాట. 'పాతాళభైరవి' ఆడిన 1951లోనే, సెప్టెంబరులో, హిందూ కోడ్ బిల్లును ముందుకు పోనివ్వకపోవడం ఒక ముఖ్య కారణంగా అంబేద్కర్ కేంద్ర మంత్రి పదవికి రాజీనామా చేశారు. కూతురికి వాటా అనే మాటకు పార్లమెంటులో ఎంత ప్రతిఘటన వచ్చిందో ఆ చర్చలు చదివినవారికి తెలుసు. చివరికి 1956లో హిందూ వారసత్వ చట్టం వచ్చింది. తండ్రి వాటాలో కూతురికి భాగం వచ్చింది, స్త్రీకి ఉన్న ఆస్తిమీద సంపూర్ణ హక్కు వచ్చింది. కానీ పూర్వీకుల ఉమ్మడి ఆస్తిలో పుట్టుకతో వచ్చే హక్కు కొడుకులకే ఉండిపోయింది.

ఆ చట్టంలోనే 23వ సెక్షను అని ఒకటుండేది. నా దృష్టిలో అది అసలైన కోట తలుపు. విల్లు రాయకుండా పోయిన మనిషి ఇంట్లో కుటుంబంవాళ్లే కాపురముంటే, మగ వారసులు పంచుకుందామనుకునేదాకా ఆడ వారసులు ఆ ఇంటిని పంచమని అడగడానికి వీల్లేదు. నివసించే హక్కు మాత్రం ఉంటుంది. అదీ కూతురికైతే, ఆమె పెళ్లికానిదో, భర్త వదిలేసినదో, విడిగా ఉంటున్నదో, వితంతువో అయితేనే. కాపురం చేసుకుంటున్న కూతురికి అదీ లేదు. ఇంట్లో ఉండనిస్తాం, ఇల్లు నీదని మాత్రం అనకు అని చట్టమే చెప్పింది. మగ వారసుడు ఒక్కడే ఉంటే ఎవరితో పంచుకోవాలనుకుంటాడు? అప్పుడు కూడా ఈ అడ్డు ఉంటుందని 1996లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది.

ఈలోగా మన రాష్ట్రంలో ఒక పెద్ద మార్పు వచ్చింది. 1985 సెప్టెంబరు 5 నుంచి అమలయ్యేలా ఉమ్మడి ఆస్తిలో కూతురికి కొడుకుతో సమానంగా పుట్టుకతో హక్కు ఇస్తూ ఆంధ్రప్రదేశ్ చట్టాన్ని సవరించింది. ఇలాంటి సవరణ దేశంలో ఇదే మొదటిది. అప్పుడు ముఖ్యమంత్రి ఎన్.టి. రామారావు. ఒకనాటి తోటరాముడు. సినిమాలో రాజు కూతురికి దక్కని వాటా, ఆ నటుడి ప్రభుత్వం చేసిన చట్టంలో ఆడపిల్లలకు దక్కింది. ఆ ఘనత ఇవ్వాల్సిందే. అయితే ఆ తేదీకి ముందే పెళ్లయిపోయిన కూతుళ్లను చట్టం పక్కన పెట్టేసింది. పెళ్లయితే ఆమె వేరే కోటకు చెందిన మనిషి అన్న ఆలోచన అక్కడా కాపలా కాసింది.

2005 సెప్టెంబరు 9 నుంచి అమల్లోకి వచ్చిన కేంద్ర సవరణ ఈ తేడాను తీసేసింది. పెళ్లయినా కాకపోయినా కూతురు పుట్టుకతో సమాన హక్కుదారు. 23వ సెక్షను రద్దయింది. 2005 నాటికి తండ్రి బతికి ఉండాలా అన్న వివాదాన్ని వినీతా శర్మ కేసులో 2020 ఆగస్టు 11న సుప్రీంకోర్టు తేల్చింది. తండ్రి అప్పటికే పోయినా కూతురి హక్కు పోదు. అయితే 2004 డిసెంబరు 20కి ముందే చట్టబద్ధంగా ముగిసిన పంపకాలను తిరగదోడలేరు.

మరి తలుపు తెరుచుకున్నట్టేనా? కాగితంమీద తెరుచుకుంది. గుమ్మందగ్గర మాత్రం ఇంకో కాపలా ఉంది. దాని పేరు పుట్టిల్లు.

కృష్ణా, గుంటూరు డెల్టాలో ఆడపిల్లకు పసుపుకుంకుమల కింద కొంత భూమి రాసిచ్చే ఆచారం ఉందని మీకు తెలుసు. కొందరు స్త్రీలకు అదొక్కటే ఆసరా అయింది. కానీ అదే ఆచారాన్నీ, ఇచ్చిన కట్నాన్నీ చూపించి, నీ వాటా నీకు ఎప్పుడో ఇచ్చేశాం కదమ్మా అంటారు. కట్నం ఇవ్వడం 1961నుంచీ నేరం. నేరంగా ఇచ్చినదాన్ని వాటాగా ఎలా లెక్కవేస్తారో అడిగేవాళ్లు లేరు. పైగా ఆ కట్నం మెట్టినింటికి చేరుతుంది, ఆమె చేతికి రాదు.

సంతకం పెట్టిన స్త్రీలను మనం అమాయకులనో, పిరికివాళ్లనో అనుకుంటే పొరపాటు. వాళ్లకు లెక్క బాగా తెలుసు. రేపు మొగుడు కొట్టి తరిమేస్తే వెళ్లి నిలబడటానికి ఒక గుమ్మం కావాలి. పండక్కి పిలిచే అన్న కావాలి. కూతురి పెళ్లికి మేనమామ రావాలి. వాటా అడిగితే ఆ గుమ్మం మూసుకుంటుందన్న భయంతో వాటా ఇచ్చి గుమ్మాన్ని కొనుక్కుంటున్నారు. తనకు చెందిన ఇంట్లోకి చుట్టపుచూపుగా వెళ్లే హక్కుకోసం ఆమె చెల్లిస్తున్న ధర అది. అందుకే, వాటా అడుగు అని మనం చెప్పేటప్పుడు, అడిగాక ఆమె ఒంటరిదైతే ఆమె వెనుక ఎవరు నిలబడతారన్న ప్రశ్నకు మన సంఘం దగ్గర జవాబు ఉండాలి. జవాబు లేకుండా చెప్పడం న్యాయం కాదు.

అసలు కోటే లేనివాళ్ల సంగతి? మాహిష్మతిలో కట్టప్ప ఉన్నాడు. తరతరాలుగా సింహాసనానికి బానిస వంశం. అతని విశ్వాసానికి మనం చప్పట్లు కొట్టాం. తెలంగాణ గడీల్లో దొరగారి కూతురిని అత్తవారింటికి పంపేటప్పుడు ఆడబాపగా ఇంకో పేదింటి ఆడపిల్లను కూడా పంపేవారు. దొరకూతురికి వాటా లేదు. ఆడబాపకు తన శరీరం మీదే హక్కు లేదు. ఇద్దరినీ ఒక్కగాటన కట్టి స్త్రీలందరి బాధా ఒకటే అంటే అది అబద్ధమవుతుంది. భూమిలేని దళిత స్త్రీకి పూర్వీకుల ఆస్తి అనే మాటే ఎగతాళి. ఆమెకు దారి ప్రభుత్వ పట్టా. 2020 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం పెద్ద ఎత్తున పంచడం మొదలుపెట్టిన ఇళ్ల స్థలాల పట్టాలు స్త్రీల పేరిటే ఇచ్చింది. ఆ కాగితం ఆమె పెట్టెలోనే ఉందో, భర్త అప్పుకింద వేరేవాళ్ల చేతిలో ఉందో కనుక్కోవడం మన పని. అలాగే హిందూ చట్టం అందరికీ వర్తించదు. క్రైస్తవులకు వర్తించే 1925 వారసత్వ చట్టంలో కొడుకూ కూతురూ సమానం. ముస్లిం చట్టంలో కూతురికి కొడుకు వాటాలో సగం వస్తుంది. ఆ వాటాలు కూడా సంతకాలతోనే మాయమవుతున్నాయి.

అత్తింటి కోట గురించి కూడా ఒక మాట. 2005 గృహహింస చట్టం 17వ సెక్షను ప్రకారం, ఇల్లు ఎవరి పేర ఉన్నా, కాపురమున్న ఇంట్లో నివసించే హక్కు స్త్రీకి ఉంది. భర్త పేరున లేని ఇల్లయితే ఆ హక్కు వర్తించదన్నట్టుగా 2006లో వచ్చిన తీర్పును సుప్రీంకోర్టే 2020 అక్టోబరులో సరిదిద్దింది. అత్తమామల పేరున ఉన్న ఇల్లైనా ఉమ్మడి కాపురపు ఇల్లు కావచ్చునంది. ఇది విలువైన రక్షణ. కానీ ఇదీ నివసించే హక్కే, యాజమాన్యం కాదు. ఈ తేడాను మన దగ్గరకు వచ్చిన స్త్రీకి స్పష్టంగా చెప్పాలి.

ఇక మనం చెయ్యగలిగినవి.

హక్కు విడుదల పత్రంమీద సంతకం పెట్టేముందు ఒక్క వారం గడువు అడగమని ప్రతి ఆడపిల్లకూ చెప్పండి. చావు ఇంట్లో, పదకొండోరోజున, కళ్లు తుడుచుకుంటూ పెట్టే సంతకాలే ఎక్కువ. ఎప్పుడో నోటిమాటగా పంపకం అయిపోయిందంటే వెంటనే ఒప్పుకోనక్కర్లేదు. రిజిస్టరయిన దస్తావేజో, కోర్టు డిక్రీయో చూపించమనవచ్చు. అలాంటివి లేని పంపకాన్ని చాలా అరుదుగా, గట్టి ప్రభుత్వ రికార్డు ఉంటేనే ఒప్పుకోవాలని 2020 తీర్పు చెప్పింది. తండ్రి స్వార్జితాన్ని విల్లుతో ఎవరికైనా రాసుకోవచ్చు కనుక, తండ్రులు బతికుండగానే వాళ్లతో మాట్లాడాలి. మనం తల్లులతో మాట్లాడినంతగా తండ్రులతో మాట్లాడలేదు. 1987 న్యాయసేవల చట్టం ప్రకారం ఆదాయంతో నిమిత్తం లేకుండా స్త్రీలందరికీ ఉచిత న్యాయ సహాయం దొరుకుతుంది. లాయరు ఖర్చు భయంతో ఆగిపోయినవాళ్లకు ఈ సంగతి తెలియాలి.

వీటితోపాటు కథల పని కూడా ఉంది. మీ సమావేశాల్లో ఒక సాయంత్రం 'బాహుబలి' గురించి మాట్లాడించండి. చట్టం గురించి నోరు విప్పని స్త్రీలు శివగామి గురించి గంటసేపు మాట్లాడతారు. అప్పుడు అడగండి: అంతకాలం రాజ్యం నడిపినావిడ తనే ఎందుకు రాణి కాకూడదు? పుట్టింది ఆడపిల్లయితే కోటమీదినుంచి ఎత్తి చూపించేవాళ్లా? ఆ తర్వాత నెమ్మదిగా అడగండి: మీ ఇంటి బీరువా తాళాలు ఎవరి దగ్గరున్నాయి? మీ దగ్గరే అంటారు, కొంత గర్వంగానే. ఇంటి దస్తావేజు ఎవరి పేరున ఉంది? అని అడిగినప్పుడు వచ్చే నిశ్శబ్దం దగ్గరే మన పని మొదలవుతుంది.